నాలుగో నంబరు మిషన్

ఫీవర్ ఆస్పత్రి వెనక గల్లీల
జహంగీర్ భాయ్ దుకాణం.
ముందర జిరాక్సు, వెనక పర్దా,
పర్దా అవుతల ఐదు కంప్యూటర్లు.
గంటకు ఇరవై.
నాలుగో నంబరుకు మాత్రం పది.
దాని కీబోర్డుకు
ఎడమ బాణం ఊడిపోయింది.

మా తాన ఎప్పుడూ ఐదు రూపాయలే ఉండె.
అంటే నాలుగో నంబరు మీద అర్ధగంట,
అంటే ఒక ఎర్ర కారు,
అంటే ఎడమకు తిరగని లోకం.

ఉపాయం కృపాకర్‌ది.
బటన్ ఊడిన కాడ చిన్న రబ్బరు బొడిపె,
పెన్ను మూతతోని ఒత్తితే
కారు మాట వింటది.
ఇగ పని పంచుకున్నం.
రేసు, బ్రేకు, కుడి పక్క నాకు.
ఎడమ మొత్తం వాడికి.
వాడు రోడ్డు చూడొద్దు, రబ్బరే చూడాలె.
నేను రబ్బరు చూడొద్దు, రోడ్డే చూడాలె.
మలుపు రాంగనే అరుస్తుంటి:
"దబా, కృపా, దబా!"

ఏం ఆట అది!
మిక్సీల ఎండుమిరపకాయలు వేసినట్టు ఇంజను.
గుండ్రం అనుకొని
తొమ్మిది మూలలు పెట్టుకున్న చక్రాలు.
ఎంత తోలినా దగ్గరికి రాని మంచుకొండ.
రోడ్డు పక్కన చప్పట్లు కొట్టే జనం,
అట్టముక్కల లెక్క సన్నగ,
పక్క నుంచి చూస్తే మాయం.

నేను చూసిన మొదటి సముద్రం అందులదే.
దానికి రెండే అలలు.
ఒకటి వస్తుండె, ఇంకోటి వస్తుండె,
మళ్లా మొదటిదే.
ఎన్నో ఏండ్లకు సూర్యలంకల అసలు సముద్రం ముందర నిలబడి
గిన్ని అలలు ఎందుకు దండుగ అనుకున్న.

గుద్దితే ఏం కాకపోతుండె.
రెండు పల్టీలు కొట్టి,
గాల్ల జరసేపు ఆగి ఆలోచించి,
తళుక్కు తళుక్కుమని కారు మళ్లా రోడ్డెక్కుతుండె.
ఒంటి మీద గీత ఉండకపోతుండె.
అదే నల్లకుంట మార్కెట్ కాడ
మా నాయిన స్కూటర్ టమాటల బండికి తాకితే
మూడు నెలలు ఇంట్ల ఆ లెక్కే నడిచింది.

ఒక్కటే ఒక్కసారి ఫస్టు వచ్చినం.
సొరంగం దాటి, ఆఖరి ఎడమ మలుపు,
కొండను రాసుకుంట, నిప్పురవ్వలు రాల్చుకుంట,
నీలం కారును ఇంత జానెడు దూరంల దాటి
గీత తొక్కినం.
తొక్కంగనే కరెంటు పోయింది.
చీకట్ల కృపాకర్ చేతిల పెన్ను మూత,
నా చేతులకు చెమట.
మేం గెలిచినమని సాక్ష్యం ఎవ్వరూ లేరు.
జహంగీర్ భాయ్ కొవ్వొత్తి పట్టుకొని వచ్చి
"కరెంటు పోతే పైసలు వాపస్ లేవు" అన్నడు.
మేం అడగనే లేదు.

మొన్న ఐతారం
ఆ ఆటను ల్యాప్‌టాప్‌ల ఎట్లనో ఎక్కించుకున్న.
అదే ఎర్ర కారు, అవే రెండు అలలు.
నాలుగు బాణాలూ ఉన్నయి.
ఇద్దరి పని ఒక్క చెయ్యి చేయొచ్చు.
మొదటి ఎడమ మలుపు రాంగనే
నా వేలు కదలలే.
నోరు కదిలింది.
"దబా!" అన్న అరుపుకు
లోపల పండుకున్న మా బిడ్డ ఉలిక్కిపడి లేచింది.
కారు పొయ్యి కొండకు గుద్దుకుంది.

రాత్రి కృపాకర్‌కు ఫోన్ చేసిన.
వాడిప్పుడు మెట్రో నడుపుతడు,
నాగోల్ నుంచి రాయదుర్గం, రాయదుర్గం నుంచి నాగోల్.
"మా బండికి ఎడమ లేదు, కుడి లేదు," అని నవ్విండు,
"పట్టాలు తిరిగితే తిరుగుతది,
నేను తలుపులు తెరుస్త, మూస్త."

జరసేపు ఏం మాట్లాడలే.
వెనక టీవీ చప్పుడు, ఎవరో గిన్నెలు సదురుతున్నరు.

తర్వాత మెల్లగ అన్నడు:
"గా సొరంగం తర్వాత మలుపు ఉంటది చూడు,
అక్కడ నువ్వు జర ముందుగాల అరవాలె.
చెప్దామనుకుంటనే ఉన్న ఎప్పటిసంది.
నువ్వు రోజూ లేటుగనే అరుస్తుంటివి."